ముప్పై నాలుగో నంబరు వదిన

మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు పోస్టులో. రెండోది నేనే వెళ్లి గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చాను. మూడోది రిజిస్టరు పోస్టులో. ఆ మూడోదానికి, అందినట్టు సంతకం పెట్టిన కార్డు మాత్రం తిరిగి వచ్చింది. ఆ సంతకం ఎవరిదో ఎంత తిప్పి చూసినా చదవడానికి రాలేదు. ఒక గీత, దాని మీద ఇంకో గీత. ఇన్నేళ్లలో నాకు అందిన జవాబు అదొక్కటే.

నాలుగు నెలల కింద మా వదిన పోయింది. పదకొండో రోజు భోజనాల దగ్గర అందరూ ఆమె గురించి మాట్లాడారు. తిరువళ్లూరు నుంచి వచ్చిన పెద్దమ్మ, "బంగారం లాంటి మనిషి, ఒకరిని ఒక మాట అని ఎరగదు" అంది. అబద్ధం. నన్నే రోజుకొక మాట అనేది. ఇంకెవరో ఆమె పెట్టే పప్పుచారు గురించి చెప్పారు. ఆమె పప్పుచారు మామూలుగానే ఉండేది. ఉప్పు వేయడం ఒక్కోసారి మరిచిపోయేది కూడా. నాకు ఉండబట్టలేదు. లేచి, "ఆమె కారు కంప్యూటరు బాగుచేసింది, అది చెప్పండి" అన్నాను. మా మేనమామ కొడుకు నా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో బావా, పాయసం వస్తా ఉండాది" అన్నాడు. పాయసం వచ్చింది. తిన్నాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

అందుకని నాలుగోసారి ఇలా రాస్తున్నాను. ఈసారి నలుగురూ చదివేలాగా.

ఆమె మా అన్న భార్య. అన్నకు వ్యాసర్పాడి రైల్వే యార్డులో పని. నేను బాడుగ కార్లు నడుపుకుంటూ వాళ్లింట్లోనే ముందు గదిలో ఉండేవాణ్ని. వదిన రోజూ పొద్దున రైలెక్కి అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటుకు పోయేది. అక్కడ ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పొడవాటి బల్ల, రెండు పక్కలా ఆడవాళ్లు, ఒక్కొక్కరి ముందు ఒక సాల్డరింగ్ కడ్డీ. పచ్చటి అట్టలాంటి బోర్డులో చిన్న చిన్న భాగాల కాళ్లు దూర్చి, టంకం కరిగించి అతికించడం ఆమె పని. పూర్తయిన ప్రతి బోర్డు అడుగునా అతికించిన మనిషి నంబరు రాయాలి. తర్వాత ఎక్కడైనా తప్పు దొరికితే అది ఎవరిదో తెలియడానికి. మా వదిన నంబరు ముప్పై నాలుగు. "నా నంబరు మీద ఇంతవరకూ బోర్డు తిరిగి రాలేదు" అని చెప్పేటప్పుడు ఆమె గడ్డం కొంచెం పైకి లేచేది. ఆమె చెప్పుకున్న గొప్ప అదొక్కటే. మిగతావన్నీ నేనే చెప్పేవాణ్ని.

సన్నటి మనిషి. కుడి చూపుడు వేలు పక్కన బియ్యపు గింజంత పాత కాలిన మచ్చ. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేది. మిక్సీ ఆగిపోయిందని వీధిలో వాళ్లు తెస్తే, విప్పకముందే ముక్కు దగ్గర పెట్టుకుని, "మోటారు బాగుండాది, స్విచ్చి కాలింది" అనేది. అట్లాగే ఉండేది. ఫ్యాక్టరీలో అతికించిన ప్రతి కాలినీ చిన్న పట్టకారుతో ఒకసారి లాగి చూడాలట. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. గోడకు కొత్తగా కొట్టిన మేకునీ, కుళాయినీ, బజారు నుంచి తెచ్చిన చెంబు చెవినీ ఒకసారి లాగేది. నా చొక్కా గుండీలు లాగి రెండు ఊడబెరికింది కూడా. "ఇప్పుడు ఊడింది కాబట్టి బతికినావు. బస్సులో ఊడుంటే ఏం చేస్తావు?" అంది.

అతుకు మంచిదైతే మెరుస్తుంది, వేడి సరిగా తగలకపోతే మసకగా ఉంటుంది. ఇది ఆమె చదువు. దాన్ని మనుషుల మీద కూడా వాడేది. పక్కింటి పిల్లకు సంబంధం వచ్చి ఫోటో తెస్తే, చేతిలోకి తీసుకుని, "మెరస్తా ఉండాడు. పట్టిందో లేదో లాగి చూడండి" అని తిరిగి ఇచ్చేసింది. ఆ పిల్ల తల్లి వారం రోజులు మాతో మాట్లాడలేదు.

కార్ల సంగతి చెప్పాలి. తొంభైల నడుమ మన ఊళ్లోకి కొత్త రకం కార్లు వచ్చాయి. ఇంజన్‌ను కంప్యూటరు నడిపిస్తుందన్నారు. కోడంబాక్కంలో సినిమా తీసేవాళ్లకు అలాంటి బండే కావాలి. పాత బండి పంపిస్తే ముఖం తిప్పుకునేవాళ్లు. నేను పాతది అమ్మి, ఫైనాన్సులో కొత్తది తీసుకుని, ఒక సినిమా కంపెనీకి నెల బాడుగకు పెట్టాను. అమ్మినవాడు ముందు సీటులో కాళ్లు పెట్టే చోట ప్లాస్టిక్ మూత విప్పి, లోపల అరచేతి వెడల్పు రేకు పెట్టె చూపించి, "దీని మెదడు ఇదే సార్" అన్నాడు.

ఆ సంవత్సరం ఆయుధ పూజకు చక్రాలకు, స్టీరింగుకు, హారన్‌కు గంధం, కుంకుమ పెట్టాను. తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. చక్రాలకు బొట్టు పెట్టి మెదడుకు పెట్టకపోతే ఎట్లా? ప్లాస్టిక్ మూత విప్పి, ఆ రేకు పెట్టె మీద అంటించిన కంపెనీ సీలు నడిమధ్యన, చక్కగా ఒక బొట్టు పెట్టి, మళ్లీ మూత బిగించాను. అది నా తప్పే. ఒప్పుకుంటున్నాను. నేను తప్పులు ఒప్పుకునే మనిషిని. అవతలివాళ్లు కూడా ఒప్పుకోవాలని అడుగుతున్నాను, అంతే.

దీపావళి దాటిన తర్వాత వాన పట్టుకుంది. ఒక మంగళవారం పొద్దున రైలు పట్టాల కింద సబ్‌వేలో నీళ్లు నిలిచాయి. నా ముందు ఒక లారీ దాటిపోయింది. లారీ పోయింది కదా అని నేనూ దిగాను. నడిమధ్యన బండి ఆగింది. నీళ్లు సీటుదాకా వచ్చాయి. నలుగురు కలిసి తోసి పైకి తెచ్చారు. పైకి వచ్చాక నేను తాళం తిప్పాను. పలకలేదు. మళ్లీ తిప్పాను. పదిసార్లు తిప్పి ఉంటాను.

సినిమా కంపెనీ మేనేజరు, "సోమవారం షూటింగుకు బండి లేకపోతే వేరే బండి పెట్టుకుంటాం. తర్వాత మీరు రానక్కర్లేదు" అని కబురు పెట్టాడు. ఆ ఒక్క బండే నా బతుకు. చేతిలో ఆరు రోజులు.

బండిని లాగించుకుని సర్వీసు సెంటరుకు పోయాను. అక్కడి మేనేజరు నాకంటే చిన్నవాడు. టై కట్టుకున్నాడు. ఆయన ఏసీ గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నన్ను కూర్చోమనలేదు. మెకానిక్ రేకు పెట్టె విప్పి తెచ్చి బల్ల మీద పెడితే, దాంట్లోంచి బురద నీళ్లు కారాయి. సీలు మీద నా బొట్టు కొంచెం చెరిగి, ఇంకా ఎర్రగానే ఉంది.

మేనేజరు వేలితో చూపించి నవ్వాడు. "ఇదేమిటి సార్, దీనికి పెళ్లి చేశారా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎంతమంది నవ్వారో నాకు గుర్తుంది. ఐదుగురు.

"సీలు మీద కుంకుమ ఉంది. అంటే బయటివాళ్లు చెయ్యి పెట్టారు. వారంటీ రాదు. కొత్త పెట్టె వేయాలి, తెప్పించడానికి నెల పడుతుంది" అన్నాడు. కొత్తదాని ధర చెప్పాడు. ఆ ధరకు నేను అమ్మేసిన పాత బండి సగం వస్తుంది.

"ఇదే బాగుచేయడానికి కాదా?"

"నీళ్లు పోయిన కంప్యూటరు శవం సార్. శవాన్ని ఎవరైనా బాగుచేస్తారా?"

"అయితే శవాన్నే ఇవ్వండి" అన్నాను. కాగితంలో చుట్టి ఇచ్చారు.

సాయంత్రం వదిన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే కాగితం విప్పి వాసన చూసింది. బొట్టు సంగతి, ఐదుగురు నవ్విన సంగతి చెప్పాను. "మేమూ పెడతాం పూజకి. మిషన్లకి పెడతాం, బోర్డులకి పెట్టం" అని, కొంగుతో ఆ కుంకుమ తుడిచి, నుదుటికి అద్దుకుంది. "అయినా బొట్టు బయట పెట్టినావు. నీళ్లు లోపలికి పొయినాయి. బొట్టులోంచి పొయినాయా?"

తర్వాత అడిగింది. "బ్యాటరీ వైరు ఎప్పుడు ఊడదీసినావు?"

"తీయలేదు."

"తాళం?"

"తిప్పాను."

"ఎన్నిసార్లు?"

చెప్పాను. పెట్టె మీది బురద వేలితో తీసింది. "నీళ్లు చంపలేదు అబ్బాయా. నువ్వే కరెంటు పెట్టి చంపినావు."

ఒకరిని ఒక మాట అని ఎరగదట!

పెట్టె మూత విప్పితే బోర్డు మీద రాగి గీతల వెంట పచ్చటి పొడి కట్టి ఉంది. ఆమె నన్ను పంపి బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు రెండు క్యాన్లు తెప్పించింది. మా అన్న కొత్తగా కొనుక్కున్న పళ్ల బ్రష్షు తీసుకుంది. పళ్లెంలో బోర్డు పెట్టి నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

"వదినా! తడిసి చచ్చినదాన్ని మళ్లీ నీళ్లలో ముంచుతావా?"

"సబ్‌వే నీళ్లు నువ్వు తాగుతావా?"

"తాగను."

"ఇది తాగిండాది గదా. ఆ ఉప్పూ మురికీ దాని మీదనే ఆరితే లోపల్లోపల తినేస్తాది. మంచినీళ్లతో కడిగినాకనే ఆరబెట్టాల. తువ్వాలు తే, ఊరికే నిలబడకుండా."

మూడుసార్లు కడిగింది. నాలుగోసారి స్పిరిటుతో. మా అన్న వచ్చి బ్రష్షు కోసం వెతుక్కుంటూ ఉంటే, "మీ తమ్ముడి కారు పళ్లు తోముకుంటా ఉండాది" అంది.

వాన పోనే లేదు. ఎండ అన్న మాట లేదు. ఆమె బియ్యం డబ్బా ఖాళీ చేసి, లోపల ఒక బల్బు వేలాడదీసి, కింద గుడ్డ పరిచి, బోర్డు పెట్టింది. మూత కొంచెం తెరిచి ఉంచింది. నాలుగు రోజులు బియ్యం బిందెలో, కంప్యూటరు బియ్యం డబ్బాలో. పొద్దున ఫ్యాక్టరీకి పోయే ముందు, సాయంత్రం వచ్చిన వెంటనే, డబ్బాలో తల దూర్చి వాసన చూసేది. "ఇంకా తడి ఉండాది" అనేది. నేను శుక్రవారమే పెట్టి చూద్దామన్నాను. "నీ తొందరకే గదా ఇది చచ్చింది" అని మూత వేసేసింది.

ఆదివారం పొద్దున గాజులు తీసి పక్కన పెట్టింది. ఫ్యాక్టరీలో చేతికి ఒక పట్టీ కట్టుకుని దాన్ని భూమికి కలుపుతారట, ఒంట్లో ఉండే కరెంటు బోర్డుకు తగలకుండా. ఇంట్లో ఆమె మణికట్టుకు రాగి తీగ చుట్టుకుని, రెండో కొస గుమ్మం దాటించి వీధిలో చేతిపంపుకు కట్టింది. నీళ్లకు వచ్చిన పక్కింటామె ఆ తీగ వెంటే లోపలికి చూసి, "ఏమక్కా, పారిపోతావని మీ ఆయన పంపుకు కట్టేసినాడా?" అంది.

"లేదు, పంపు పారిపోతాదని నేనే పట్టుకోనుండా. కొంచేపు కొట్టబాక, నా చెయ్యి కదుల్తాది."

పక్కింటామె బిందె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. మా వదిన పని అయ్యేదాకా ఆ వీధిలో ఎవరూ నీళ్లు కొట్టలేదు. ఇది మాత్రం పదకొండో రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

భూతద్దంతో చూస్తే రెండు రాగి గీతలు తెగి ఉన్నాయి, నా పది తాళాల దెబ్బకు. ఆమె పాత వైరులోంచి వెంట్రుకంత సన్నటి పోగు ఒకటి లాగి, తెగిన చోట వంతెనలాగా పరిచి అతికించింది. ఉబ్బిపోయిన భాగం ఒకటి తీసేసి, నేను రిచీ స్ట్రీటు ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చింది పెట్టింది. నేను పక్కనే భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. అతుకు చల్లారాక పట్టకారుతో లాగింది. వెలుగులోకి తిప్పింది. మెరిసింది.

ఇంకా ఒకటి మిగిలిందని, కొంగు సర్దుకుని ఫ్యాన్సీ స్టోరుకు పోయి గోళ్ల రంగు సీసా తెచ్చింది. రంగు లేనిది, నీళ్లలాగా ఉండేది. ఆమె గోళ్లకు జన్మలో రంగు పూసి ఎరగదు. మా అన్న సీసా చూసి, "ఏందే, ఈ వయసులో సోకు?" అన్నాడు.

"నాకు కాదు. కారుకి."

అతికించిన చోటల్లా ఆ రంగు పూసింది, మళ్లీ తడి తగలకుండా. ఆరిన తర్వాత మూత లోపలి పక్కన సూదితో ఏదో గీకింది. చూస్తే ముప్పై నాలుగు.

"ఇది ఫ్యాక్టరీ కాదు గదా వదినా."

"అతుకు నాది గదా."

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి సగం రోజు సెలవు పెట్టి నాతో వచ్చింది. పెట్టెను తువ్వాల్లో చుట్టి, కూరగాయలు తెచ్చే వైరు బుట్టలో పెట్టుకుంది. ఏసీ గదిలో ఖాళీ కుర్చీలు ఈసారి మూడు. ఆమెనూ కూర్చోమనలేదు. మేనేజరు ఆమె వైపు చూడనే లేదు. నన్నే అడిగాడు, "ఏ షాపులో చేయించారు?"

"షాపు కాదు. ఈమే చేసింది."

ఆయన బుట్ట వైపు చూశాడు. ముఖం వైపు చూడలేదు. "పెట్టి చూడు, పొగ వస్తే వాళ్లదే బాధ్యత" అని మెకానిక్‌తో చెప్పాడు.

మెకానిక్ తగిలించాడు. వదిన తానే వెళ్లి కారు పక్కన నిలబడి, "మెల్లగా. ఒక్కసారే తిప్పాల" అంది. అతను ఒక్కసారే తిప్పాడు.

పలికింది.

నేను చాలా శబ్దాలు విన్నాను. అలాంటిది మళ్లీ వినలేదు. మా వదిన మాత్రం చెయ్యి బానెట్ మీద వేసి, తల పక్కకు వంచి, జ్వరం చూసినట్టు చూసింది. గడ్డం కొంచెం పైకి లేచింది.

మేనేజరు వచ్చాడు, విన్నాడు. "లక్కు. నెలలో పోతుంది" అన్నాడు. జాబ్ కార్డు తీసుకుని, ఏమి రిపేరు చేశారో రాసే గడిలో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి నాకు ఒక కాపీ ఇచ్చాడు. నేను చదివేలోపు వదిన నా చేతిలోంచి తీసుకుంది. పదో తరగతి చదివిన మనిషి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. 'ఆరింది. పనిచేస్తోంది.' అంతే ఉంది అందులో.

ఆమె ఆయన ఎదురుగా వెళ్లి తమిళంలో, మెల్లగానే అడిగింది. "సార్, ఆరింది అని రాశారు. ఆరబెట్టింది ఎవరు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. నా వైపు తిరిగి, "బండి తీయండి సార్, వెనక వేరే బండి ఉంది" అన్నాడు.

వెనక ఏ బండీ లేదు. నేను తిరిగి చూశాను.

బయటికి వచ్చేటప్పుడు వదిన ఆ గదికున్న అద్దాల తలుపు పిడిని ఒకసారి లాగి చూసింది. పిడి ఊగింది. "మెరస్తా ఉండాది. పట్టలేదు" అంది. కోడంబాక్కం దాకా ముందు సీట్లో కూర్చుని, పాదం పక్కనున్న ఆ పెట్టె వైపు చెవి పెట్టి వింటూనే ఉంది. స్టేషన్ దగ్గర దిగి, బుట్ట చంకన పెట్టుకుని, అంబత్తూరు పోవడానికి రైలెక్కింది. నేను షూటింగుకు పది నిమిషాలు ముందే చేరాను. నా బాడుగ నిలబడింది.

నెల పూర్తయిన రోజు మొదటి ఉత్తరం రాశాను: 'నెల అయింది. నడుస్తోంది. మా వదిన ప్రశ్నకు జవాబు చెప్పండి.' సంవత్సరం పూర్తయిన రోజు రెండోది, అదే మాట.

ఆ రెండింటికీ నడుమ ఒక సంగతి జరిగింది. ఆ రోజు పెట్టె తగిలించిన మెకానిక్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన ఇంకో పెట్టె. అదీ నీళ్లు తాగిందే.

"పంపింది ఎవురు?" అని వదిన అడిగింది.

అతను గుమ్మం వైపు చూశాడు. "మేనేజరే అక్కా. చెప్పవద్దన్నాడు."

"కార్డులో నా పేరు రాస్తాడా?"

"రాయడక్కా."

నేను లేచాను. "తీసుకుపో! ఆయన్నే వచ్చి అడగమను, ఈ గుమ్మంలో నిలబడి అడగమను!" అని అరిచాను. వదిన అప్పటికే కాగితం విప్పి వాసన చూస్తోంది.

"అరవబాక అబ్బాయా. బోర్డు ఏం చేసింది పాపం, వానలో తడిసింది."

దాన్నీ బాగుచేసింది. దాని మూత లోపల కూడా ముప్పై నాలుగు గీకింది. నాకు కోపం వచ్చి, "ఇంత అవమానం చేసినవాడికి నంబరు కూడా వేసి ఇస్తావా?" అన్నాను.

"వాళ్ల కార్డులో వాళ్లకు ఇష్టమొచ్చింది రాసుకోనీ. నా అతుకులో తప్పుంటే రేపు మూత తీసినోడికి తెలియాల గదా ఎవురిదో."

ఆ మెకానిక్ తర్వాత కూడా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నేను అరిచేవాణ్ని, ఆమె వాసన చూసేది. ఆ పెట్టెలు ఎవరి కార్లలోకి పోయాయో, కార్డుల్లో ఏమని రాశారో నాకు తెలియదు. ఈ ఊళ్లో ఎన్నో కార్లు మా వదిన నంబరును కడుపులో పెట్టుకుని తిరిగాయని మాత్రం తెలుసు. ఒక్కటీ తిరిగి రాలేదు.

నా బండి తొమ్మిదేళ్లు నడిచింది. దాని తలుపులు తుప్పు పట్టాయి, సీట్లు చిరిగాయి, ఇంజన్ రెండుసార్లు విప్పించాను. పెట్టె జోలికి పోనవసరం రాలేదు. చివరికి బండిని పాత ఇనుముకు ఇచ్చేటప్పుడు పెట్టె ఒక్కటి విప్పుకుని తెచ్చుకున్నాను. ఆ వారమే మూడో ఉత్తరం, రిజిస్టరు పోస్టులో.

ఇప్పుడు ఆ పెట్టె నా ముందు ఉంది. మూత తీసి చూశాను. గోళ్ల రంగు ఇంకా మెరుస్తోంది. పట్టకారుతో ఒక అతుకు లాగి చూశాను. కదల్లేదు. పక్కన ఆ జాబ్ కార్డు కూడా ఉంది, మడతల దగ్గర చిరిగింది కానీ రాసింది కనిపిస్తుంది.

మేనేజరు గారూ, మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఎంత పెద్దవారయ్యారో నాకు తెలియదు. క్షమాపణ అడగడం లేదు. కూర్చోమనలేదన్నది కూడా వదిలేస్తాను. కార్డు, పెట్టె రెండూ తెస్తాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఆ గడిలో మీరు రాసిన రెండు ముక్కల పక్కన చోటు ఖాళీగానే ఉంది. మా వదిన మిమ్మల్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది, జవాబు వినకుండానే పోయింది. మా అన్న ఉన్నాడు, నేను ఉన్నాను. మాకు చెప్పండి.

ఆరబెట్టింది ఎవరు?